ముప్పై వేలలోపు డీటీపీ సిస్టం, గ్రాఫిక్స్ కార్డు లేకుండానే

జనగామలో నాది డీటీపీ షాపు. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. 2024లో శ్రావణం ముహూర్తాలు దగ్గరపడుతుంటే పాత సిస్టం మొరాయించింది. చేతిలో ఉన్నది ముప్పై వేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్తది అసెంబుల్ చేయించా. ఇప్పటికీ నా పనంతా దాని మీదే.

మొదట అడిగిన కొట్లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు అంటగట్టబోయారు. బిల్లు అడిగితే, జీఎస్టీ వేస్తే రేటు మారుతుందన్నారు. బిల్లే లేకపోతే రేపు వారంటీకి ఎవరిని పట్టుకోవాలి? వచ్చేశా.

పై అంతస్తులో చిన్న కొట్టు కుర్రాడు రేటు చెప్పకముందే "ఏం పని చేస్తరన్నా?" అని అడిగాడు. అను సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైపింగ్, ఫొటోషాప్, కోరల్ అన్నా. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసి చూపించాడు. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ అందులోనే, ఫ్యాన్ కూడా డబ్బాలోనే వస్తుంది. ఫైళ్లు దాచే డ్రైవ్‌గా పీసీఐఈ 4 (జెన్ 4) స్పీడుతో నడిచే ఎస్ఎస్‌డీ అడిగితే వద్దన్నాడు. "ఈ ప్రాసెసర్ పీసీఐఈ 3 వరకే అన్నా, ఆ పైసలు ర్యామ్‌ల పెట్టుకో." ఎక్కువ రేటుది అమ్ముకునే చోట అలా చెప్పడం నాకు బాగా నచ్చింది.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేయించా. ఇది మాత్రం ఎవరూ వదలొద్దు. లోపలి గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. రెండు స్టిక్‌లుంటే డ్యూయల్ ఛానల్‌లో దానికి దారి రెట్టింపవుతుంది.

బిగించడం నా కళ్ల ముందే జరిగింది. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 రకం సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒక్కటి వంగినా కష్టమే. కుర్రాడు సాకెట్ లివర్ పైకెత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు సరిచూసి, వేలితో నొక్కకుండా వదిలాడు. దానంతటదే కూర్చుంది. అప్పుడు లివర్ దించాడు.

క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు అందించే డబ్బా) వద్దని, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్న 450 వాట్లది విడిగా కొన్నా. మా దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, అక్కడ పీనాసితనం పనికిరాదు. మానిటర్ పాతదే, దానికి పాత రకం వీజీఏ కనెక్షన్ ఒక్కటే ఉంది కాబట్టి వీజీఏ ఉన్న ఏ520 మదర్‌బోర్డు తీసుకున్నా. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో కలిపి, జీఎస్టీ బిల్లుతో, 27 వేల చిల్లర అయింది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు ఈ లెక్క పట్టుకుని బేరానికి వెళ్లకండి.

లోటు ఒకటుంది. బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే, రెండూ నిండిపోయాయి. పెంచాలంటే ఉన్నవి తీసేయాల్సిందే. పెద్ద ఫ్లెక్సీ ఫైలు, బ్రౌజర్ కలిపి తెరిస్తే కాస్త బరువెక్కుతుంది. వీడియో ఎడిటింగ్ రోజంతా చేసేవాళ్లకు నేనిది చెప్పను. డీటీపీకి, మీసేవకు, పిల్లల చదువుకు మాత్రం కళ్లుమూసుకుని తీసుకోవచ్చు.