లైఫ్‌టైమ్ వారంటీ వాళ్లది, చాకిరీ మనది: కరోలాకి ఇంట్లో వేసిన యాక్సిల్

చక్రం లోపలివైపంతా గ్రీజు చిమ్మి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటకమంటుంటే సీవీ యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ, రెండు చివరలా మడత పడే జాయింట్లు ఉంటాయి) సంగతి అయిపోయినట్టే. అది అందరికీ తెలిసిందే. నాది 2005 కరోలా, ఆటోమేటిక్. ఉండేది ఒహాయోలో. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టి, చక్రం బిగించే హబ్‌లోంచి యాక్సిల్ ఊడిరావడమే గగనం. 30 ఎంఎం సాకెట్ కావాలి, కొత్త నట్టు వేయాలి, 159 ఫుట్-పౌండ్లకి బిగించాలి. ఇక మిగిలింది సుత్తి, ఓపిక.

నా కడుపుమంట లైఫ్‌టైమ్ వారంటీ మీద. రెండు వైపులా పాతవి తీసేసి విడిభాగాల షాపులో దొరికే చవక యాక్సిళ్లు వేశాను. పాడైతే ఎప్పుడైనా ఊరికే మార్చిస్తామనే ఆ వారంటీ వాటిదే. టకటక ఆ రోజే పోయింది. డీలర్ దగ్గరికి పోవద్దని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

చలికాలం దాటాక మొదలైంది. రెడ్ లైట్ దగ్గర బ్రేకు తొక్కి ఆగితే చాలు, అద్దం వణుకు, స్టీరింగ్ వణుకు, కప్పులో కాఫీ వణుకు. "ఏవండీ, దీనికేమైనా చలిజ్వరమా?" అంది మా ఆవిడ. న్యూట్రల్‌లో వేస్తే టక్కున ఆగిపోయేది. మళ్లీ డ్రైవ్‌లో పెడితే మళ్లీ అదే. ఇంజిన్ మౌంట్లు చూస్తే గట్టిగానే ఉన్నాయి. డ్రైవ్‌లో ఆగి ఉన్నా గేర్‌బాక్స్ యాక్సిల్‌ని కొంచెం మెలిపెడుతూనే ఉంటుంది. గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింట్‌లోని మూడు రోలర్లు అప్పుడు కూడా సాఫీగా జారాలి. పట్టేస్తే ఇంజిన్ అదురంతా బాడీకి ఎక్కుతుంది.

షాపువాళ్లు మాత్రం పెద్దమనుషులే. ఒక్క ప్రశ్న వేయకుండా కుడివైపుది మార్చి ఇచ్చారు. కానీ జాకీ ఎక్కించేది ఎవరు? బాల్ జాయింట్ విప్పేది, కారిపోయిన ఆయిల్ మళ్లీ నింపేది ఎవరు? ఇంత చేస్తే, మార్చి ఇచ్చినది బిగించిన రోజు నుంచే వణికింది. ఇలాంటి వారంటీ జీవితాంతం ఉంటే ఎంత, లేకపోతే ఎంత!

అదృష్టవశాత్తూ, పాతది తిరిగిస్తే షాపువాళ్లు వెనక్కిచ్చే డిపాజిట్ డబ్బు వదులుకుని, కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చిన కుడి యాక్సిల్‌ని గరాజ్‌లో దాచాను. షాపుదాన్ని విప్పి, రెండూ నేల మీద పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపించింది. పాతదాని మధ్యలో రబ్బరుతో పట్టించిన బరువైన ఇనుప కట్టు ఉంది, అదురుని మింగడానికి. షాపుదానికి అది లేనే లేదు, ఉత్త కడ్డీ.

పాతదానికి చిరిగింది బయటి బూటు, అంటే చక్రం వైపు జాయింట్ మీద గ్రీజు కారకుండా ఉండే రబ్బరు తొడుగు, ఒక్కటే. బయటి జాయింట్ కడ్డీ నుంచి ఊడదు కాబట్టి లోపలివైపు రోలర్లు, ఆ ఇనుప కట్టు తీసి, కొత్త బూటుని అటునుంచే ఎక్కించాలి. నల్ల బురదలా మారిన గ్రీజంతా కడిగి, కొత్త గ్రీజు కూరి, క్లాంపులు బిగించి, దాన్నే మళ్లీ కారుకి వేశాను. చేతులకి పట్టిన మరక వారమైనా వదల్లేదు గానీ, రెడ్ లైట్ దగ్గర కాఫీ నిలకడగా ఉంది.

పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పితే సన్నగా ఓ టక్ ఇప్పటికీ వినిపిస్తుంది. కారు పాతది, నేను తిరిగేది ఆఫీసుకీ కిరాణా షాపుకీ, కాబట్టి సర్దుకుపోతున్నా. రోజూ హైవే మీద పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి ఇదే చేయమని చెప్పలేను. జాయింట్‌లో బాల్స్‌కి గుంటలు పడి ఉంటే బూటు మార్చి లాభమూ లేదు. ఎడమవైపు ఇంకా ఆ షాపుదే ఉంది. పొట్టి యాక్సిల్ కదా, ఇప్పటిదాకా కిక్కురుమనలేదు. దాని జోలికి నేనూ పోలేదు.