పాత ఇన్సూరెన్స్ పాలసీలతో నేల బాగుచేయించాం: పదేళ్ల తర్వాత నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. పాత పాలసీల నుంచి డబ్బు వస్తుంది. కానీ ఆలస్యంగా వస్తుంది, పూర్తిగా రాదు. పాలసీ మన పేరు మీద లేకపోతే, మనకు ఏ అపకారమూ చేయని మనిషి మీద కేసు వేయాల్సి వస్తుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

2012లో నేనూ మా బావమరిదీ కలిసి సెంట్రల్ న్యూజెర్సీలో ఐదు షాపుల చిన్న ప్లాజా కొన్నాం. అమ్మినాయనే వాయిదాల మీద ఇచ్చాడు. బ్యాంకు లేదు కాబట్టి ఫేజ్ వన్ పర్యావరణ తనిఖీ చేయించమని అడిగినవాళ్లు లేరు. రెండు మూడు వేల డాలర్లు మిగిలాయని సంబరపడ్డాం. 2015లో రీఫైనాన్స్‌కి వెళ్తే బ్యాంకు ఆ తనిఖీ అడిగింది. ఇప్పుడు నెయిల్ సెలూన్ ఉన్న చివరి షాపులో 1966 నుంచి 1984 దాకా డ్రై క్లీనింగ్ నడిచిందని అప్పుడే తెలిసింది.

డ్రై క్లీనింగ్‌లో వాడే పెర్క్ అనే రసాయన ద్రావకం నీళ్లకన్నా బరువు. కాంక్రీటులోంచి, మురుగు పైపుల అతుకుల్లోంచి కిందికి దిగి భూగర్భ జలంలో కూర్చుంటుంది. ఆవిరి మాత్రం పైకి, షాపుల్లోకి వస్తుంది. అప్పట్లో న్యూజెర్సీ భూగర్భ జలానికి పెట్టిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. నీళ్లు పరీక్షించడానికి తవ్విన మా మూడో నంబరు బావిలో 340 వచ్చింది. ఒలికించింది మేం కాదు. అయినా న్యూజెర్సీ కాలుష్య చట్టం, 1976 నాటి స్పిల్ యాక్ట్ ప్రకారం, కొనేముందు సరైన విచారణ చేయించని ఓనరు కూడా బాధ్యుడే. మిగిలాయనుకున్న డబ్బు అలా మెడకు చుట్టుకుంది.

టెన్షన్‌లో చేసిన తప్పొకటి ఇక్కడే చెప్పాలి. ఎవరో చెప్పారని తక్కువ రేటు కాంట్రాక్టరును పెట్టి, 38 వేల డాలర్లు ఖర్చుచేసి కొంత మట్టి తవ్వించాం. న్యూజెర్సీలో 2009 చట్టం తర్వాత ఈ పనులు లైసెన్సున్న నిపుణుడి చేతుల మీదుగా జరగాలి. వాళ్లను ఎల్‌ఎస్‌ఆర్‌పీ అంటారు. అలాంటి నిపుణుడు రాకముందు పెట్టిన ఖర్చుకు సరైన ఆమోదం లేదని తర్వాత కేసులో అవతలి లాయర్లు పట్టుబట్టారు. ఆ 38 వేలు ఇక వదులుకున్నాం.

పాత పాలసీల మాట ఎత్తింది మా లాయరే. ఎప్పుడో ముగిసిపోయిన పాలసీ ఇప్పుడెందుకు పనికొస్తుందని నవ్వాను. తర్వాత అర్థమైంది. అప్పటి జనరల్ లయబిలిటీ పాలసీలు, అంటే మన వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి తీసుకునేవి, ఎక్కువగా ‘అకరెన్స్’ పద్ధతివి. నష్టం ఆ ఏడాదిలో జరిగితే చాలు, క్లెయిమ్ నలభై ఏళ్ల తర్వాత వచ్చినా అది ఆ పాలసీ బాధ్యతే. 1973 నుంచి ప్రామాణిక పాలసీల్లో ‘ఆకస్మికంగా, ప్రమాదవశాత్తు’ జరిగిన కాలుష్యానికే కవరేజీ అన్నారు. 1986లో పూర్తి మినహాయింపు వచ్చి ఆ తలుపు మూసేసింది. మాకు అమ్మినాయన 1994లో కొన్నాడు, కాబట్టి ఆయన పాలసీలు చిత్తు కాగితాలే. 1973 నాటి మెలిక విషయంలో మాత్రం మా రాష్ట్రం అదృష్టం చేసుకుంది. ఆ క్లాజుకు అనుమతి తెచ్చుకునేటప్పుడు కంపెనీలు నియంత్రణ అధికారులను తప్పుదోవ పట్టించాయని 1993లో మోర్టన్ కేసులో న్యూజెర్సీ సుప్రీం కోర్టు తేల్చింది. దాన్ని అక్షరాలా అడ్డం పెట్టుకునే వీలు పోయింది. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇదే ధైర్యంతో దూకకండి, తీర్పులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి.

డ్రై క్లీనర్ చనిపోయాడు. ఆనాటి ప్లాజా ఓనరూ లేడు. ఆయన భార్య ఉంది, 84 ఏళ్లు. వాళ్ల కుటుంబ కంపెనీ మీద మేం శుభ్రం చేసే ఖర్చులో వాటా కోరుతూ కేసు వేస్తేనే వాళ్ల పాత ఇన్సూరెన్స్ కంపెనీలు కదులుతాయి. స్పిల్ యాక్ట్ కింద ఇలాంటి కేసులకు కాలపరిమితి లేదని 2015లోనే మోరిస్టౌన్ అసోసియేట్స్ తీర్పు వచ్చింది. అదీ డ్రై క్లీనర్ ఉన్న ఒక షాపింగ్ ప్లాజా గొడవే, అక్కడ కారింది హీటింగ్ ఆయిల్. చట్టం మా వైపే ఉన్నా నోటీసు పంపిన రాత్రి నిద్ర పట్టలేదు. పోయిన భర్త ఏం తప్పు చేశాడని ఈ వయసులో కోర్టుకు ఈడుస్తున్నారని ఆమె ఏడ్చిందట. మా అమ్మ వయసే ఆమెది. డబ్బు ఇచ్చేది మీరు కాదు, మీ తరఫు లాయరు ఖర్చు కూడా ఇన్సూరెన్స్ వాళ్లదేనని ఆమె కొడుక్కి లాయర్లు నచ్చజెప్పడానికి రెండు నెలలు పట్టింది.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఆమే. నేలమాళిగలో భర్త రాసిన ఖాతా పుస్తకాలు దాచి ఉంచింది. ఏ నెలలో ఏ ఏజెంటుకు ఎంత ప్రీమియం కట్టాడో వరసగా ఉంది. పాత పాలసీల ఆధారాలు వెతికిపెట్టే ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్ట్ అనే వృత్తి ఉందని నాకు అప్పుడే తెలిసింది. మేం పెట్టుకున్న ఆయన కౌంటీ కోర్టు రికార్డులు తిరగేసి, ప్లాజా మెట్ల మీద ఎవరో జారిపడ్డారని 1971లో వేసిన దావా పట్టుకొచ్చాడు. అందులో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు రెండూ ఉన్నాయి! అసలు పాలసీ కాగితం దొరికింది ఒక్క ఏడాదిదే. మిగతావి ఖాతా పుస్తకాలు, లీజుకు జతచేసిన సర్టిఫికెట్లు, ఆ ఏళ్ల ప్రామాణిక ఫారాలు కలిపి నిరూపించారు.

కంపెనీల తీరుకు నేనిచ్చేది ఐదుకు రెండు. ‘తర్వాత కాదనే హక్కు అట్టిపెట్టుకుని ప్రస్తుతానికి లాయర్ని పెడతాం’ అంటూ మొదటి ఉత్తరం, ఆ తర్వాత ఏడాదిన్నర మౌనం. మొత్తం మూడు కంపెనీలు తేలాయి. ఒకటి ఎప్పుడో దివాలా తీసింది, సెటిల్‌మెంట్‌లో దాని వాటా మా నెత్తినే పడింది. పాత పాలసీల పరిమితులు కూడా చిన్నవి, ఏడాదికి 50 వేల డాలర్లు ఉన్నవీ ఉన్నాయి. నష్టం ఏళ్ల తరబడి సాగింది కాబట్టి అన్ని ఏళ్ల పాలసీల మీదా పంచడంతో గట్టెక్కాం.

2020లో రాజీ కుదిరింది. ఇప్పటిదాకా పని ఖర్చు 6.9 లక్షల డాలర్లు, వచ్చింది 4.6 లక్షలు. లాయరుకు, ఆర్కియాలజిస్టుకు పోయినవి వేరే 1.2 లక్షలు. వచ్చే ఖర్చులకూ కలిపి ఒకేసారి తీసుకుని సంతకం పెట్టాం. బావమరిది తొందరపెట్టాడు, నేనూ అలిసిపోయాను. బావుల పరీక్షలు ఇన్నేళ్లు సాగుతాయని తెలిస్తే ఇంకొంచెం బేరమాడేవాణ్ణి.

ఎడిసన్ చుట్టుపక్కల ప్లాజాలు, గ్యాస్ స్టేషన్లు కొంటున్న మనవాళ్లు ఫేజ్ వన్ ఎలాగూ చేయిస్తారు. అమ్మేవాళ్ల అటక మీదున్న 1986కు ముందు కాగితాలు కూడా అడిగి తీసుకోండి. కుదరకపోతే కనీసం ఫోటోలు తీసుకోండి, అవసరమైతే క్లెయిమ్‌కు సహకరిస్తామని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి.

నెయిల్ సెలూన్ వెనక గోడకు ఆవిరి లాగే ఫ్యాన్ ఇంకా తిరుగుతోంది. కరెంటు బిల్లు మాదే. మూడో బావిలో పోయినసారి 12 వచ్చింది.