టీఎల్‌సీ: కోడ్ రాయకముందే డిజైన్‌లో తప్పు పట్టే మోడల్ చెకర్

ఒకే డేటా మీద ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెయ్యి పెట్టే సిస్టమ్‌లలో అసలు బగ్గులు టెస్టులకు చిక్కవు. ఏ క్రమంలో జరిగితే తప్పు బయటపడుతుందో, సరిగ్గా ఆ క్రమమే టెస్టు నడిచే వేళకు రావాలని లేదు కదా. మోడల్ పరిధిలో వచ్చే క్రమాలన్నిటినీ ఒక్కటీ వదలకుండా చూసి వచ్చేది టీఎల్‌సీ. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్‌ఏ ప్లస్ భాషలో స్పెసిఫికేషన్, అంటే సిస్టమ్ ఎలా నడవాలో చెప్పే మోడల్, రాసి దీనికి ఇవ్వాలి. ఉచితం, ఓపెన్ సోర్స్. మెషీన్‌లో జావా ఉంటే ఒక్క జార్ ఫైలు చాలు. వీఎస్ కోడ్‌కు ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది.

దీని సత్తా తెలియాలంటే చిన్న ఉదాహరణ చాలు. ఎక్స్ విలువ 0. రెండు ప్రాసెస్‌లు చెరోసారి దాన్ని చదివి, 1 కలిపి, తిరిగి రాస్తాయి. ప్లస్‌కాల్‌లో (మామూలు ప్రోగ్రామ్‌లా రాస్తే టీఎల్‌ఏ ప్లస్‌లోకి మారే భాష) చదవడానికి ఒక లేబుల్, రాయడానికి ఒక లేబుల్ పెట్టండి. రెండూ ముగిశాక ఎక్స్ విలువ 2 ఉండాలన్నది ఇన్వేరియంట్, అంటే ఎప్పుడూ నిజంగా నిలవాల్సిన షరతు. నడిపిన వెంటనే ఐదు స్థితుల ట్రేస్ (తప్పు దాకా తీసుకెళ్లిన అడుగుల వరుస) చేతిలో పెడుతుంది: మొదటి స్థితి, ఒకటోది 0 చదివింది, రెండోదీ 0 చదివింది, ఒకటోది 1 రాసింది, రెండోదీ 1 రాసింది. ఏ అడుగులో ఏ వేరియబుల్ మారిందో చూపిస్తుంది కాబట్టి వెతుక్కునే పని లేదు.

ఇప్పుడు ఆ రెండు లేబుళ్లనూ ఒకటిగా కలిపేయండి. ఎర్రర్ మాయం! ఒక లేబుల్ కింద ఉన్నదంతా ఒక్క అడుగులో, మధ్యలో ఎవరూ దూరకుండా జరుగుతుందని టీఎల్‌సీ నమ్ముతుంది. నిజం సిస్టమ్ అలా నడవకపోతే తప్పు పోయినట్టు కాదు, కనబడకుండా పోయినట్టు. లేబుల్ ఎక్కడ పెట్టాలన్నదే ఈ పనిలో అసలు నేర్పు.

అంతకంటే పెద్ద ప్రమాదం "ఎర్రర్ లేదు" అన్న సందేశం. ఒక చర్యకు పెట్టిన షరతు ఎప్పటికీ నిజం కాకపోతే ఆ చర్య జరగనే జరగదు, ఇన్వేరియంట్ హాయిగా నిలబడుతుంది. అందుకే కవరేజ్ (ఏ చర్య ఎన్నిసార్లు జరిగిందో చెప్పే లెక్క) ఆన్ చేసి, సున్నా సార్లు జరిగిన చర్యలు ఉన్నాయేమో చూడాలి. "లీడర్ ఎన్నిక ఎప్పటికీ జరగదు" లాంటి అబద్ధపు ఇన్వేరియంట్ ఒకటి కావాలని పెట్టి నడపండి. అది విరిగితేనే మోడల్ అక్కడిదాకా వెళ్తున్నట్టు లెక్క.

ఇక స్థితుల సంఖ్య. ఒక్కో నోడ్‌కు (సిస్టమ్‌లోని ఒక్కో మెషీన్‌కు) 10 స్థితులుంటే మూడు నోడ్‌లకు గరిష్ఠంగా 1,000, ఐదింటికి 1,00,000. దానికి దారిలో ఉన్న మెసేజ్‌లు తోడైతే మెమరీ, డిస్క్ రెండూ చాలవు. రెండు మూడు నోడ్‌లు, ఒకటి రెండు విలువలతో మొదలుపెట్టాలి. నోడ్‌లన్నీ ఒకేలాంటివైతే సిమెట్రీ సెట్ (వాటిని ఒకదాని చోట ఒకటి పెట్టినా తేడా లేదని చెప్పడం) పెడితే మూడు నోడ్‌లకు దాదాపు ఆరో వంతుకు తగ్గించొచ్చు. కానీ "చివరికి తప్పక జరుగుతుంది" తరహా లైవ్‌నెస్ తనిఖీకి సిమెట్రీ వాడకూడదు, ఉన్న తప్పునే దాటేయవచ్చు. ఆ తనిఖీకి ఫెయిర్‌నెస్ (జరగగలిగిన అడుగు ఎప్పటికీ జరగకుండా ఉండిపోకూడదన్న షరతు) కూడా రాయాలి. లేకపోతే సిస్టమ్ ఏమీ చేయకుండా ఆగిపోయిన ట్రేస్ చూపిస్తుంది.

ఎర్రర్ సందేశాలు మాత్రం కొత్తవాళ్లను ఏడిపిస్తాయి. తర్వాతి స్థితి పూర్తిగా నిర్దేశించలేదని వస్తే, చాలాసార్లు ఏదో వేరియబుల్ మారలేదని చెప్పడం మరిచారన్నమాట. ప్లస్‌కాల్‌లో రాస్తే ఆ బాధ ఉండదు, అనువాదకమే ఆ వాక్యాలు చేరుస్తుంది.

పెద్ద సిస్టమ్‌లకు పనికొస్తుందా అంటే, అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజినీర్లు 2015లో ప్రచురించిన వ్యాసం చదవండి. అమెజాన్ డేటాబేస్ సర్వీసు డైనమోడీబీ డిజైన్‌లో టీఎల్‌సీ పట్టిన ఒక బగ్‌కు అతి చిన్న ట్రేసే 35 అడుగులు. రివ్యూలూ టెస్టులూ దాటుకుని వచ్చిన బగ్ అది.

ఇది చూసేది డిజైన్‌నే, కోడ్‌ను కాదు. ఒక సార్టింగ్ ఫంక్షన్ సరిగ్గా రాశారా అన్నది తేలాలంటే కోడ్‌నే రుజువు చేసే డాఫ్నీ లాంటి పనిముట్టు పట్టాలి. లాక్‌లు, రీట్రైలు, క్యూలు, రెప్లికేషన్ ఉన్నచోట మాత్రం కోడ్ తెరవకముందే టీఎల్‌సీ తెరవండి.