ఎడమకు పోయే బంతి, రెండు ఫైబర్ కర్రలు: మూడేళ్లు వాడాక

నాకు 68 ఏళ్లు. కుడిచేతి ఆట. గోల్కొండ నయా ఖిలా గోల్ఫ్ కోర్సులో వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆడతాను. అరవై దాటిన దగ్గర్నుంచి ఒక బాధ నన్ను వదల్లేదు. బంతి బాగానే తగులుతుంది, చప్పుడు కూడా బాగుంటుంది, తల ఎత్తి చూసేసరికి గురికి పాతిక గజాలు ఎడమగా పోతూ ఉంటుంది. గాల్లో వంపు తిరగదు, బయల్దేరడమే ఎడమకు బయల్దేరుతుంది. దీన్నే పుల్ అంటారు. తిన్నగా బయల్దేరి తర్వాత ఎడమకు వంగితే అది హుక్, దాని సంగతి వేరు. పుల్ తగ్గడానికి మూడేళ్లుగా రెండు అలైన్‌మెంట్ స్టిక్కులు, అంటే గురి సరిచూసుకోవడానికి నేల మీద పెట్టే కర్రలు, వాడుతున్నాను. వాటి మంచీ చెడూ, వాటికి ముందు నేను దండగ పెట్టిన డబ్బు సంగతీ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఒక షాపులో సీనియర్ల కోసమని డ్రైవర్, అంటే బంతిని దూరం కొట్టే పెద్ద క్లబ్, కొన్నాను. దాని షాఫ్ట్, అంటే కాడ, తేలిక, బాగా వంగుతుంది. తలలో బరువంతా మడమ వైపు, అంటే కాడ అతికిన వైపు, పెట్టారు. బంతి ఇంకాస్త పైకి లేవాలని అమ్మినతను మెడ దగ్గర స్లీవ్ అనే గొట్టాన్ని తిప్పి లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం, ఒకటిన్నర డిగ్రీ పెంచి ఇచ్చాడు. అలా పెంచితే క్లబ్‌ఫేస్ ఎడమకు మూసుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. పెద్దవాళ్లకని అమ్మే సామానులో చాలా భాగం స్లైసుకు, అంటే కుడికి వంగిపోయే బంతికి, మందుగా చేసినవే. ముఖం కాడకు కాస్త వెనగ్గా ఉండే ఆఫ్‌సెట్ ఐరన్లూ (ఇనుప తల క్లబ్‌లు) అంతే. అసలే ఎడమకు పోయేవాడి చేతిలో అవి పెడితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. ఏడాదిన్నర తర్వాత స్లీవ్‌ను మామూలు గుర్తుకు తెచ్చిన రోజే డ్రైవర్‌తో పుల్ సగానికి తగ్గింది. మీ డ్రైవర్‌కు తిప్పే స్లీవ్ ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ గుర్తు ఎక్కడుందో చూడండి.

బంతి ఏ దిక్కుకు బయల్దేరుతుందన్నది ఎక్కువగా తగిలే క్షణంలో ఫేస్ ఎటు చూస్తోందన్న దాన్ని బట్టే ఉంటుంది. పుల్‌లో క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది, ఫేస్ కూడా ఆ దారి వెంటే ఎడమకు చూస్తుంది. అదే దారిన వచ్చి ఫేస్ తెరుచుకుని ఉంటే స్లైస్. అందుకే ఒకే మనిషి ఐరన్లతో ఎడమకూ డ్రైవర్‌తో కుడికీ కొడుతూ ఉంటాడు. వయసు మీద పడ్డాక ఇది ఎక్కువవడానికి కారణం తుంటి, వెన్ను బిగుసుకుపోవడం. వెనక్కి పూర్తిగా తిరగం. ఆ లోటు భుజాలు పూడ్చబోతాయి. కిందికి వచ్చేటప్పుడు నడుము కదలకముందే కుడి భుజం ముందుకు దూసుకొస్తుంది. బ్యాగు మోసే మా కేడీ ఒకరోజు ఒక్క మాటలో తేల్చేశాడు: "సార్, భుజం ముందుగాల వస్తుంది. జర నిమ్మలంగ దిగండ్రి."

ఇక కర్రలు. ఒక్కోటి నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర, చిటికెన వేలి కంటే సన్నం. ఒకదాన్ని కాలి వేళ్ల ముందు, గురి గీతకు సమాంతరంగా పెడతాను. రెండోదాన్ని దానికి అడ్డంగా, బంతి నుంచి నా కాళ్ల మధ్యకు వచ్చేలా పెడతాను. మొదటి రోజు రేంజ్‌లో, అంటే సాధన చేసే మైదానంలో, కళ్లు మూసుకుని మామూలుగా నిలబడి, తర్వాత కర్రను వేళ్లకు ఆనించి వెనక్కి వెళ్లి చూశాను. కర్ర 150 గజాల బోర్డు వైపు లేదు. దానికి బాగా కుడిగా, చెట్ల వైపు చూస్తోంది! ఎడమకు పోతుందన్న భయంతో ఏళ్ల తరబడి నాకు తెలియకుండానే కుడికి గురిపెడుతూ వచ్చాను. కాళ్లు కుడికి, కళ్లు జెండా వైపు. ఇక శరీరం ఏం చేస్తుంది? బంతిని జెండా వైపు లాక్కొస్తుంది. గురి ఎంత కుడికి జరిపితే ఆ లాగుడు అంత పెరుగుతుంది. ఇన్నాళ్లూ మందనుకున్నదే నా రోగం.

రెండో కర్ర ఇంకోటి బయటపెట్టింది. 7 ఐరన్‌కు బంతిని ఎడమ మడమ దాకా తీసుకుపోతున్నానని తేలింది. అంత ముందున్న బంతిని అందుకోవాలంటే భుజాలు ఎడమకు తెరుచుకోక తప్పదు, పైగా క్లబ్ అప్పటికే లోపలికి మళ్లుతూ ఉంటుంది. బంతిని రెండు బంతుల వెడల్పు వెనక్కి తెచ్చాను. కుడి పాదాన్ని రెండంగుళాలు వెనక్కి లాగి, బొటనవేలు బయటికి తిప్పాను. ఈ చిన్న మార్పుతో బిగిసిన తుంటి కూడా కాస్త తిరుగుతుంది. మోకాలికీ హాయి. ఆ తర్వాత బంతికి అవతల, క్లబ్ తలకు కొంచెం చోటిచ్చి, ఖాళీ హెడ్‌కవర్ (తలకు తొడిగే తొడుగు) పెట్టి సగం స్వింగులు కొట్టాను. భుజం ముందుకొచ్చి బయటినుంచి దిగే స్వింగ్ దాన్ని తన్నక మానదు. మొదటి రోజు ఇరవై బంతుల్లో పదహారు సార్లు తగిలింది. ఆరువారాలకు మూడు నాలుగుకు దిగింది. ఈ ఆరువారాలూ దూరం తగ్గుతుంది, ఓర్చుకోవాలి.

కర్రల్లో లోపాలున్నాయి. ఎండలో వదిలేస్తే రెండో ఏడాదికి పైపూత పోయి ఫైబర్ నూగు లేస్తుంది. వేలిలో గుచ్చుకుంటే కంటికి కనపడదు, రెండు రోజులు మంట. నేను పైనుంచి కింద దాకా కరెంటు పనివాళ్ల టేపు చుట్టుకున్నాను. వేసవిలో మా నేల రాయిలా ఉంటుంది, మొన పాతుకోదు, కాబట్టి నిలబెట్టి చేసే అభ్యాసాలన్నీ వానాకాలానికే. తెల్లవి కొనకండి, పొద్దుటి మంచులో కనపడవు. ఇంకో మాట, పోటీలో నిలబడే చోటు సరిచూసుకోవడానికి కర్ర గానీ క్లబ్ గానీ నేల మీద పెట్టకూడదు. నిబంధన 10.2బి ప్రకారం స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలో) రెండు స్ట్రోకుల జరిమానా. దాని సాయంతో నిలబడ్డాక, కొట్టేముందు తీసేసినా జరిమానా తప్పదు.

కర్రలతో తగ్గనిది ఒకటి మిగిలింది. దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్, 9 ఐరన్ ఇంకా ఎడమకే పోయేవి. క్లబ్ అడుగున టేపు అంటించి గట్టి పలక మీద కొట్టి చూస్తే గుర్తు మడమ వైపు పడింది. అంటే క్లబ్ మరీ నిటారుగా ఉంది, కొన గాల్లోకి లేస్తోంది. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్‌లలో ఈ తేడా బంతిని మరింత ఎడమకు తోస్తుంది. రెండు డిగ్రీలు వంచి ఇచ్చారు, సరిపోయింది. గ్రిప్పులు కూడా లావువి వేయించాను. వేళ్ల కీళ్ల నొప్పికి అవి నిజంగా మేలు చేశాయి, పుల్ మీద మాత్రం నాకు తేడా కనపడలేదు.

ఇప్పుడు పుల్ వస్తే పద్నాలుగో హోల్ దాటాక, ఒళ్లు అలిసినప్పుడు వస్తుంది. అప్పుడు ఒక క్లబ్ పెద్దది తీసుకుని ముప్పావు స్వింగే కొడతాను. టేపు చుట్టిన ఆ జత ఇంకా బ్యాగులోనే ఉంది, రేంజ్‌లో మొదటి పది బంతులు దాని పక్కనే కొడుతున్నాను.