లాకౌట్‌లో ఆటగాడికి దారి ఎటు: రష్యానా, స్విట్జర్లాండా?

2012 సెప్టెంబర్‌లో ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ జట్ల యజమానులు లాకౌట్ ప్రకటించారు, అంటే ఒప్పందం కుదిరేదాకా ఆటలు ఆపేశారు. ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఎంతన్నదే ప్రధాన గొడవ. జీతం ఆగిపోయింది, కానీ ఒంట్లో ఆట చురుకు తగ్గకూడదు. అందుకే చాలామంది విమానం ఎక్కారు.

రష్యా వైపు వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి అది ఇల్లు. రష్యన్ స్టార్లు ఒవెచ్కిన్ తన పాత జట్టు డైనమో మాస్కోలో, మాల్కిన్ పుట్టిన ఊరు మాగ్నితోగోర్స్క్‌లో ఆడారు. అక్కడి పెద్ద లీగ్ కేహెచ్‌ఎల్‌లో పోటీ గట్టిది, డబ్బూ బాగానే ఉంటుంది. కానీ దూరాలు భయంకరం, ఎప్పుడూ విమానాల్లోనే. అంతకు ముందు ఏడాదే యారోస్లావ్ల్ జట్టు విమానం కూలి జట్టంతా పోయింది. ఆ టెన్షన్ చిన్నదేం కాదు.

స్విట్జర్లాండ్ చిన్న దేశం. బస్సులో వెళ్లి ఆడి రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఎన్‌హెచ్‌ఎల్ స్టార్లు జో థార్న్‌టన్, రిక్ నాష్ 2004-05 లాకౌట్‌లో అక్కడి దావోస్ జట్టుకు ఆడి టైటిల్ గెలిచారు, మళ్లీ అక్కడికే వెళ్లారు. మరో స్టార్ పాట్రిక్ కేన్ అక్కడి బీల్ జట్టులో చేరాడు. అక్కడ మంచు మైదానం వెడల్పు 30 మీటర్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో దాదాపు 26. నైపుణ్యం ఉన్నవాడికి ఆ జాగా వరం.

ఎటు వెళ్లినా ఇన్సూరెన్స్ తప్పదు. గాయమైతే కోట్ల ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు చిక్కులో పడుతుంది.

సొంత దేశం రష్యా కాకపోతే నేనైతే స్విట్జర్లాండే అంటాను. జనవరిలో ఒప్పందం కుదిరి, 48 మ్యాచ్‌ల సీజన్ 19న మొదలైంది. అలసిపోకుండా తిరిగి రావడమే అప్పుడు ముఖ్యం.