ఫైర్ వాండ్‌ను తక్కువ అంచనా వేయకండి: లాడ్జి కౌంటర్ నుంచి వాంపైర్ సర్వైవర్స్ రివ్యూ

వాంపైర్ సర్వైవర్స్ ఆటలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఆయుధం ఫైర్ వాండ్, అంటే నిప్పు ఉండలు విసిరే మంత్రదండం. నాకు తెలిసి ఈ ఆట ఆడే కుర్రాళ్లంతా దాన్ని పట్టుకున్న రెండు నిమిషాలకే విసుక్కుని వదిలేస్తున్నారు. అందుకే ఈ రివ్యూలో సగానికి పైగా దాని గురించే ఉంటుంది.

నేను అనంతపురంలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తాను. రాత్రి పదకొండు దాటాక బెంగళూరు బస్సు దిగినవాళ్లో, తెల్లవారుజామున రైలు ఎక్కాల్సినవాళ్లో తప్ప ఎవరూ రారు. నిద్రపోకుండా కౌంటర్‌లో కూర్చోవాలి. ఈ ఉద్యోగానికి సరిపోయే ఆట ఇది. ఫోన్ నిలువుగా పట్టుకుని ఒక్క బొటనవేలితో ఆడొచ్చు. గుంపులు గుంపులుగా మీదకొచ్చే దెయ్యాల మధ్య మన మనిషిని నడిపించడం, లెవెల్ పెరిగినప్పుడు ఏం తీసుకోవాలో ఎంచుకోవడం, అంతే మన పని. ఆయుధాలు వాటంతటవే పేలుతుంటాయి. ఎవరైనా వస్తే పాజ్ నొక్కి, ఆధార్ కార్డు అడిగి, రిజిస్టర్ రాసి, తాళంచెవి ఇచ్చి మళ్లీ మొదలుపెడతాను.

మొబైల్‌లో ఇది ఉచితం. నెట్ లేకపోయినా నడుస్తుంది. చచ్చిపోతే మళ్లీ లేవడానికి, చివర్లో బంగారం ఎక్కువ రావడానికి యాడ్ చూస్తావా అని అడుగుతుంది. వద్దంటే ఊరుకుంటుంది, మధ్యలో తనంతట తాను యాడ్ వేయదు. లూకా గలాంటే అనే ఆయన మొదలుపెట్టిన చిన్న ఆట ఇది. 2021 డిసెంబరులో కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లోకి వచ్చింది, 2022 అక్టోబరులో పూర్తి వెర్షన్, అదే ఏడాది డిసెంబరులో ఫోన్లకు. 2023లో బ్రిటన్‌లో సినిమాలకూ ఆటలకూ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు ఉత్తమ గేమ్ అవార్డు దీనికే ఇచ్చారు. చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ పాతకాలపు బొమ్మలు చూసి తేలిగ్గా తీసుకోవద్దని ఈ మాట చెబుతున్నాను.

ఇక ఫైర్ వాండ్. ఇరవై దీపాలు పగలగొడితే ఇది మనకు తెరుచుకుంటుంది. దారి పక్కన వెలుగుతూ కనిపించేవే ఆ దీపాలు, మొదటి రోజే అయిపోతుంది. దీన్ని లెవెల్ 4 దాకా తీసుకెళ్తే ఆర్కా లడోన్నా అనే పాత్ర వస్తాడు. అతను ఆట మొదలుపెట్టేదే ఫైర్ వాండ్‌తో. మ్యాజిక్ వాండ్ అనే మామూలు ఆయుధం దగ్గరున్న శత్రువును చూసి కొడుతుంది. ఫైర్ వాండ్ అలా కాదు, స్క్రీన్ మీద ఉన్నవాళ్లలో ఎవరో ఒకరి వైపు మూడు నిప్పు ఉండలు విసురుతుంది. ఒకసారి విసిరాక మళ్లీ విసరడానికి మొదట్లో మూడు సెకన్లు పడుతుంది.

మా రూమ్ బాయ్ గొడవంతా ఇక్కడే. "అన్నా, మీదకొచ్చి కొరుకుతాంటే అది యాడికో కొడ్తాది, దాన్నెట్ల నమ్మాల?" అంటాడు. వాడు చెప్పింది నిజమే. మీద పడ్డవాళ్లను తరమడం దీని వల్ల కాదు. కానీ దీని దెబ్బ చూడండి. మ్యాజిక్ వాండ్ పదితో మొదలైతే ఇది ఇరవైతో మొదలవుతుంది. ఆపైన ఒక్కో లెవెల్‌కు పదేసి పెరిగి లెవెల్ 8కి తొంభై అవుతుంది. పెద్ద శరీరం, ఎక్కువ ప్రాణం ఉన్న శత్రువుల కోసం చేసిన ఆయుధం ఇది. చిన్న చిన్న గబ్బిలాల మీద ఆ దెబ్బ దండగ.

నేను గమనించిన అసలు విషయం మరొకటి ఉంది. లెక్క ప్రకారం అది ఎవరినైనా ఎంచుకోవచ్చు, కానీ ఆ ఉండ వెళ్లే దారిలో ముందు ఎవడు తగిలితే వాడి దగ్గరే ఆగిపోతుంది. ఒకణ్ని దాటి వెనకున్నవాడి దాకా పోదు. చుట్టూ గుంపు కట్టాక బాస్, అంటే మధ్యమధ్యలో వచ్చే పెద్ద శత్రువు వైపు విసిరిన నిప్పు కూడా మొదటి వరసలోని పిల్ల దెయ్యానికి తగిలి అక్కడే ఆరిపోతుంది. కాబట్టి ఫైర్ వాండ్ పట్టుకున్నవాడు ఒకేచోట నిలబడకూడదు. ఒక దిక్కు పట్టుకుని నడుస్తూనే ఉండాలి. గొర్రెల మందలా శత్రువులంతా వెనక ఒకే వైపు వస్తారు. అప్పుడు ఒక పెద్ద చుట్టు తిరిగి బాస్ ఉన్న పక్కకు వస్తే మధ్యలో అడ్డం తక్కువ ఉంటుంది. ఆ మూడు ఉండలు విసనకర్ర ఆకారంలో కొంచెం విడిపోతూ వెళ్తాయి. దూరం నుంచి కొడితే ఒకటే తగులుతుంది, కాస్త దగ్గరకు వెళ్తే మూడూ ఒక్క బాస్ మీదే పడతాయి. ఈ దూరం చేతికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. అలవాటయ్యాక బాస్‌లు మాడిపోవడం చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

దగ్గరికొచ్చినవాళ్ల సంగతి చూడటానికి ఇంకో ఆయుధం తప్పదు. నా ఓటు కింగ్ బైబిల్‌కు. మన చుట్టూ తిరుగుతూ ఒంటి మీద పడకుండా కాపలా కాస్తుంది. దగ్గరికొచ్చినవాళ్లను కొట్టే గార్లిక్ కూడా మొదటి నిమిషాల్లో చాలా హాయి, కానీ పోను పోను దాని దెబ్బ సరిపోదు. లెవెల్ పెరిగిన మొదటి రెండు మూడు సార్లలో ఈ కాపలా ఆయుధం దొరక్కపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ తర్వాతే ఫైర్ వాండ్ పెంచుతాను.

స్పినాచ్, అంటే ఆ పాలకూర బొమ్మ కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా తీసుకోండి. ఒక్కో లెవెల్‌కు అన్ని ఆయుధాల దెబ్బా పది శాతం పెరుగుతుంది, ఐదు లెవెల్‌లకు యాభై శాతం. అంతకంటే ముఖ్యం, ఫైర్ వాండ్ లెవెల్ 8కి చేరి, చేతిలో స్పినాచ్ ఉంటే, పది నిమిషాలు దాటాక బాస్ వదిలిన పెట్టె తెరిచినప్పుడు అది హెల్‌ఫైర్‌గా మారుతుంది. స్పినాచ్ ఒక్క లెవెల్ ఉన్నా చాలు. చాలామంది దాన్ని కూడా పూర్తిగా పెంచాలనుకుని ఫైర్ వాండ్‌ను ఆలస్యం చేస్తారు, ఆ అవసరం లేదు. పదో నిమిషం దగ్గర పడుతుంటే నేను మిగతావన్నీ ఆపి ఫైర్ వాండ్ కనిపించిన ప్రతిసారీ దాన్నే నొక్కుతాను.

హెల్‌ఫైర్ వచ్చాక ఆట మారిపోతుంది. పెద్ద నిప్పు గోళాలు నెమ్మదిగా దొర్లుతూ, ఇందాక అడ్డంగా ఆపేసిన ఆ గుంపును చీల్చుకుంటూ అవతలికి వెళ్లిపోతాయి. గురి ఎటున్నా ఫర్వాలేదు, దారిలో ఉన్నవాళ్లందరికీ దెబ్బ తగులుతుంది. ఇంతసేపు మనం గుంపును తప్పించుకున్నాం, ఇప్పుడు గుంపు ఎంత చిక్కగా ఉంటే అంత లాభం. మా వాడు హెల్‌ఫైర్‌ను మొదటిసారి చూసిన రాత్రి టీ తేవడానికి పోయేవాడు పోకుండా కౌంటర్ మీద వాలి అట్లే నిలబడిపోయాడు.

మిగతా సామాన్లలో ఎంప్టీ టోమ్ నాకు చాలా ఉపయోగపడింది. లెవెల్‌కు ఎనిమిది శాతం చొప్పున ఎదురుచూపు తగ్గిస్తుంది, ఫైర్ వాండ్‌కు ఉన్న జబ్బే అది కదా. ఆర్కాకు కూడా ప్రతి పది లెవెల్‌లకు ఐదు శాతం చొప్పున, పదిహేను దాకా, అదే తగ్గుతుంది. ఆ రెండూ కలిస్తే మొదట్లో ఉన్న ఆ మందకొడితనం గుర్తు కూడా రాదు. డూప్లికేటర్ దొరికితే ఒక ఉండ ఎక్కువ వస్తుంది. ఆట బయట బంగారంతో కొనుక్కునే పవర్ అప్‌లలో మొదట దెబ్బ పెంచే మైట్ కొనండి. నచ్చకపోతే పెట్టిన బంగారమంతా వెనక్కి తీసుకునే వీలుంది, భయం లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మెనూలు తెలుగులో లేవు. మా వాడు బొమ్మలు చూసి గుర్తుపడతాడు కానీ ఏది దేనితో కలుస్తుందో మొదట ఎవరో ఒకరు చెప్పాలి. ఇరవై నిమిషాలు దాటాక స్క్రీన్ నిండిపోయి, ఎండాకాలం రాత్రుల్లో నా ఫోన్ బాగా వేడెక్కుతుంది, అప్పుడు కాస్త తడబడుతుంది కూడా. సెట్టింగ్స్‌లో డామేజ్ అంకెలు కనిపించకుండా చేస్తే కొంత నయం. మొదటి స్టేజ్ అయిన మ్యాడ్ ఫారెస్ట్‌లో ఒక ఆట ముప్పై నిమిషాలు, ఆ తర్వాత యముడి లాంటి రీపర్ వచ్చి తీసుకుపోతాడు. ముప్పై నిమిషాలు నిలిస్తే గెలిచినట్టే, రీపర్ చేతిలో పోయినందుకు బాధపడక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆర్కాతో మ్యాడ్ ఫారెస్ట్‌లోకి వెళ్లండి, రెండో ఆయుధంగా కింగ్ బైబిల్ వెతకండి. ఆటకు అదనపు శక్తులిచ్చే అర్కానా కార్డులు తెరుచుకున్నాక ఆర్కాను లెవెల్ 50కి చేర్చి హార్ట్ ఆఫ్ ఫైర్ కార్డు సంపాదించండి. దానితో ఈ నిప్పు ఉండలు తగిలిన చోటల్లా పేలతాయి, పగలగొట్టిన దీపాలూ పేలతాయి.