దిగేటప్పుడు దూకుడే కావాలంటే: టూరింగ్‌లో బరువు బూటుకా, స్కీకా?

లిఫ్ట్ లేకుండా స్కీల మీదే మంచుకొండ ఎక్కి దిగే టూరింగ్ గురించి ఈ సీజన్‌లో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "స్కీ కింద స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టే పట్టీలు) వేసుకుని కొండ ఎక్కాలి, దిగేటప్పుడు మాత్రం లిఫ్ట్ ఉన్న స్కీ వాలుల్లో దిగినంత దూకుడుగా దిగాలి. ఏ బూటు, ఏ స్కీ తీసుకోమంటారు?" ఇన్నాళ్లూ ఏదో ఒక మోడల్ పేరు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. తీరా నా పాత బూటు షెల్ (బయటి గట్టి డొల్ల) పగిలి కొత్తవి కొనాల్సి వచ్చేసరికి అదే ప్రశ్న నా మెడకు చుట్టుకుంది.

నా ముందున్నవి రెండు దారులు. మొదటిది బరువైనది. ఒక్కో బూటు 1700, 1800 గ్రాములుండే, దిగడానికే ప్రాధాన్యమిచ్చే ఫ్రీరైడ్ రకం, 1900 గ్రాములు దాటిన స్కీ, దాని మీద బూటును పట్టి ఉంచే బైండింగ్, అదీ ఎక్కేటప్పుడు పిన్నులతో, దిగేటప్పుడు మామూలు లిఫ్ట్ బైండింగ్‌లా పట్టే సాలమన్ షిఫ్ట్ లాంటి హైబ్రిడ్. షిఫ్ట్ ఒక్కటే 900 గ్రాములకు కాస్త తక్కువ. అన్నీ కలిపితే ఒక్కో కాలికి నాలుగున్నర కిలోలు. రెండోది నడిమి దారి. 1300 నుంచి 1500 గ్రాముల బూటు, 1500 నుంచి 1750 గ్రాముల స్కీ, బూటును సన్న పిన్నులతోనే పట్టే 300, 400 గ్రాముల పిన్ బైండింగ్. కాలికి మూడున్నర కిలోలు.

కిలో తేడాయే కదా అనిపిస్తుంది. 1000 మీటర్ల ఎత్తు ఎక్కాలనుకుందాం. వంపులు తిరుగుతూ ఎక్కే దారి వాలు 12 డిగ్రీలైతే నడక 4.8 కిలోమీటర్లు అవుతుంది. అడుగుకు 70 సెంటీమీటర్ల లెక్కన దాదాపు 7000 అడుగులు. స్కీని ఎత్తం, జారుస్తాం, నిజమే. అయినా ఆ కిలోను ప్రతి అడుగులోనూ ముందుకు తొయ్యాల్సింది మనమే. పైకి చేరేసరికి తొడలు వణుకుతుంటే దూకుడు మాట దేవుడెరుగు, నిలబడి దిగితే చాలనిపిస్తుంది. అందుకే ఎక్కువ భాగం లిఫ్ట్ ఎక్కి, ఆ పైన అరగంటో గంటో నడిచేవాళ్లకైతే మొదటి దారే మేలంటాను. రోజంతా సొంత కాళ్ల మీద ఎక్కేవాళ్లకు రెండోదే. ఇందులో నాకు పెద్దగా అనుమానం లేదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. నడిమి దారిలో చేతికొచ్చే గ్రాములు ఇన్నే అయినప్పుడు వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలి? బూటులోనా, స్కీలోనా?

చాలామంది గ్రాములు స్కీలో పెడతారు. నేను ఒకప్పుడు దానికి తలకిందులు చేశాను. బూటు గట్టిది ఉంది కదా, స్కీ ఎంత తేలికైనా తొక్కి పట్టుకోవచ్చనుకుని 1300 గ్రాముల కార్బన్ స్కీ కొన్నాను. పొడి మంచులో స్వర్గమే. ఒక మధ్యాహ్నం, ఎండకు కరిగి మళ్లీ గడ్డకట్టిన పాత జాడల్లోకి మామూలు వేగంతో దిగాను. బూటుతో ముందుకు నొక్కిన ప్రతిసారీ స్కీ ముక్కు వంగి పక్కకు కొట్టుకుంది, తోక జారిపోయింది. మూడో మలుపులో నేనొక దిక్కు, స్కీ ఒక దిక్కు. మోకాలు నాలుగు వారాలు గుర్తుచేసింది. దీనికి పూర్తి వ్యతిరేకం నా స్నేహితుడి సెటప్. కిలో బరువుండే మెత్తటి బూటు, కింద రెండు కిలోల స్కీ. అతను స్కీని నడపడం నేనెప్పుడూ చూడలేదు, స్కీయే అతన్ని లాక్కెళ్లేది.

రెండూ తప్పే. కానీ బూటు మంచిదై స్కీ కాస్త తేలికగా ఉంటే వేగం తగ్గించుకుని ఇంటికి రావచ్చు. బూటు మెత్తనైతే కింద ఎంత గొప్ప స్కీ ఉన్నా దాన్ని నడిపే దారే ఉండదు. కాబట్టి ముందు బూటు. ఆ బూటు వంచగలిగిన స్కీ ఏదో ఆ తర్వాత చూసుకోవాలి.

బూటు దగ్గర అందరూ చూసేది ఫ్లెక్స్ నంబర్, అంటే వంగడానికి అదెంత గట్టిదో చెప్పే అంకె. 120, 130 అని షెల్ మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకెకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒకరి 130, ఇంకొకరి 130 ఒకటి కావు. పైగా నంబర్ ఒకటే అయినా వంగే తీరు వేరుగా ఉంటుంది, నాకు నిర్ణయం తేల్చింది ఈ తీరే. మంచి బూటులో కాలి ముందెముక బూటు నాలుకను నొక్కుతుంటే ప్రతిఘటన మెల్లమెల్లగా పెరుగుతుంది. తేలికపాటి గట్టి బూట్లలో చాలావాటికి ఆ ఓపిక లేదు. మొదట కొంచెం వదులిచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా గోడకు ఆనినట్టు ఆగిపోతాయి. నునుపైన వాలులో ఇది తెలియదు. గతుకుల మీద వేగంగా వెళ్తున్నప్పుడు మాత్రం ప్రతి దెబ్బా ఆ గోడ మీంచి నేరుగా కాలి ఎముకకు తగులుతుంది.

ప్లాస్టిక్ పాత్ర ఇందులో పెద్దదే. లిఫ్ట్ బూట్లలో వాడే పాలీయూరెథేన్ బరువైనది, కానీ అదురును మింగుతుంది. టూరింగ్ బూట్లలో వాడే గ్రిలమిడ్ తేలికది, గట్టిది, ఆ అదురును మింగదు. ఇంకో సంగతి, చలికి పాలీయూరెథేన్ బాగా బిగుసుకుంటుంది, గ్రిలమిడ్ అంతగా మారదు. వెచ్చటి దుకాణంలో రెండింటినీ వంచి చూసి పోల్చుకుంటే మోసపోతాం.

నా చేతిలో చివరికి మిగిలినవి మూడు బూట్లు. టెక్నికా జీరో జీ టూర్ ప్రో దాదాపు 1320 గ్రాములు, నాలుగు బకిల్స్, లిఫ్ట్ బూటులా షెల్ ఒకదాని మీద ఒకటి కప్పుకునే తీరు. ఆ బరువుకు అంత గట్టితనం ఆశ్చర్యమే. అటామిక్ హాక్స్ అల్ట్రా ఎక్స్‌టీడీ 130 దానికంటే కొంచెం బరువు, 98 మిల్లీమీటర్ల లాస్ట్ (పాదం పట్టే లోపలి వెడల్పు), సన్న పాదాలకు చక్కగా పడుతుంది. స్కార్పా మాయెస్ట్రాలే ఆర్‌ఎస్ ముందు నుంచి తెరుచుకునే నాలుక రకం. వేసుకోవడం, విప్పడం హాయి, వెడల్పు పాదాలకు వరం. దూకుడు మనిషికి మాత్రం మొదటి రెండింటినే చెప్తాను. నేను టెక్నికా తీసుకున్నాను. దాని వంగే తీరు మూడింటిలో గొప్పదని కాదు (నిజానికి లోపలి మెత్తటి తొడుగు, అదే లైనర్, మార్చకముందు కాస్త మొండిగానే ఉంది), నా మడమను అదొక్కటే కదలకుండా పట్టుకుంది.

సైజు విషయంలో టూరింగ్ వాళ్లు చేసే పొరపాటు, నడకకు హాయిగా ఉంటుందని ఒక సైజు పెద్దది కొనడం. లైనర్ తీసేసి ఖాళీ షెల్‌లో పాదం పెట్టండి. వేళ్లు ముందు గోడకు తాకుతున్నప్పుడు మడమ వెనక ఒక వేలు పట్టాలి, అంటే 15 మిల్లీమీటర్లు. రెండు వేళ్లు పట్టాయంటే అది తీరిగ్గా దిగేవాళ్ల బూటు. వదులు బూటుకు ఎంత ఫ్లెక్స్ ఉన్నా వృథా. మరీ బిగువైనా చెప్పులో రాయి చందమే, అయితే బిగువును మంచి ఫిట్టర్ వేడిచేసి సరిచేస్తాడు, వదులును ఎవరూ పూడ్చలేరు. తేలిక బూట్లతో వచ్చే లైనర్లు పలచగా ఉండి త్వరగా అణిగిపోతాయి. నేను వెంటనే ఇంట్యూషన్ కంపెనీ మందపు లైనర్ వేయించాను. బూటుకు ఓ 100 గ్రాములు పెరిగింది, నేను పెట్టిన గ్రాములన్నిటిలో మేలైనవి అవే. ఆ గోడ సగానికి సగం మెత్తబడింది.

ఇక స్కీ. దూకుడు మనిషికి స్కీ నడుము (మధ్యభాగం) వెడల్పు 95 నుంచి 106 మిల్లీమీటర్లు చాలు. అంతకంటే వెడల్పయితే గట్టి మంచు మీద ఏటవాలుగా ఎక్కేటప్పుడు అంచు పట్టదు, స్కిన్ బరువూ పెరుగుతుంది. బ్లిజార్డ్ జీరో జీ 105 తేలికది, గట్టిది, తప్పు చేస్తే క్షమించదు. బ్లాక్ క్రోస్ కామోక్స్ ఫ్రీబర్డ్ స్వభావం మెత్తన, అందరితో సర్దుకుపోతుంది. నా ఓటు వోల్కల్ బ్లేజ్ 106కి. ఈ గుంపులో బరువైనదే, కానీ అట్టకట్టిన మంచులో ముక్కు పక్కకు కొట్టుకోదు. కార్బన్ స్కీ దెబ్బ తిన్నవాడి పక్షపాతం అనుకోండి.

బైండింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఆస్ట్రియా వాడు ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో కనిపెట్టిన పిన్ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ముందు పిన్నుల్లో సాగే గుణం దాదాపు ఉండదు, అందుకే రాళ్ల మీంచి దూకేవాళ్లు హైబ్రిడ్ వైపు వెళ్లడంలో న్యాయం ఉంది. దూకనివాళ్లకు ఆ అర కిలో అనవసరం. మడమ భాగం కొంచెం వెనక్కి జరిగి వెసులుబాటు ఇచ్చే పిన్ బైండింగ్ అయితే చాలు. కిలో లోపు రేస్ బూట్లు, వాటి కింద పెట్టే సన్న స్కీలు ఎక్కడానికి అద్భుతం, ఈ ప్రశ్నకు మాత్రం జవాబు కావు.

స్కీ పొడవు దగ్గర నేను చివరి నిమిషం దాకా ఊగాను. 186 సెంటీమీటర్లదాని వైపు మనసు లాగింది, ఆ పొడవుంటే వేగంలో ధీమాగా ఉంటుంది. కానీ నిటారు వాలులో ఎక్కుతూ కిక్ టర్న్ (ఒక్కో కాలూ ఎత్తి స్కీని అవతలి దిక్కుకు తిప్పడం) వేసేటప్పుడు పొడవాటి తోక మంచులో దిగబడి ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకు తెలుసు. 179 తెచ్చుకున్నాను. బాగా వేగం అందుకున్నప్పుడు ఆ ఏడు సెంటీమీటర్లు గుర్తొస్తూనే ఉంటాయి.